కోపం వచ్చినచోటు

ఆ సారు తెల్ల చొక్కాకి మూడో గుండీ గోధుమరంగు దారంతో కుట్టి ఉంది. దర్జీ ఇంటి పిల్లకి ముందు కనబడేది అదే. సమాజశాస్త్రం మొదటి సంవత్సరం క్లాసులో, కిటికీ పక్క బెంచీ చివర కూర్చుని, ఒక మోకాలు ఆపకుండా ఆడిస్తూ పిట్ట ఆ గుండీనే చూస్తోంది. ఎవరు కుట్టారోగానీ చేతికందిన దారంతో కుట్టిపడేశారు. వెళ్లి విప్పి మళ్లీ కుట్టాలని వేళ్లు పీకుతున్నాయి.

కుదురుగా ఒక్కచోట కూర్చోదని నాన్న పెట్టిన పేరు పిట్ట. అసలు పేరుతో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ పనిలేదు. ఆ వీధిలోనే ఉండే స్నేహితురాలు ఆ పేరుని కాలేజీ దాకా మోసుకొచ్చింది. మనిషి తాడిలా పొడుగ్గా ఉంటుంది కాబట్టి పిట్ట ఆ పిల్లకి నిచ్చెన అని పెట్టి బాకీ తీర్చుకుంది.

"గోడమీద రాసిపెట్టిన రూళ్ల సంగతి వదిలెయ్యండి," అంటున్నాడు సారు. "ఎక్కడా రాయని రూళ్లున్నాయి. అవి మనల్ని నడిపిస్తున్నంతసేపూ కంటికి ఆనవు. ఒక్కసారి దాటి చూడండి. ఎవరో ఒకరికి కోపం వస్తుంది. కోపం వచ్చినచోట రూలు ఉన్నట్టే. వచ్చే క్లాసుకి ఒక్కొక్కరూ ఒక చిన్న రూలు దాటి, ఏం జరిగిందో వచ్చి చెప్పాలి. చెప్పినదాన్ని బట్టే మార్కులు. ఎవరికీ నష్టం రాకూడదు సుమా."

ఆ ఆఖరి మాట అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. రాసుకున్నాక ఇంక గుర్తుపెట్టుకునే బాధ ఉండదు కదా.

"నేను లిఫ్టెక్కి తలుపుకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడతా," అంది నిచ్చెన మెట్లు దిగుతూ. "నువ్వేం చేస్తావే?"

"ఇంట్లో చేస్తా."

"ఇంట్లోనా? మీ నాన్న సంగతి తెలుసుగా. రెండో మాట లేకుండా చదువు మాన్పించేస్తాడు."

"నన్నా? మా నాన్నా?" అని నవ్వింది పిట్ట.

కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో నడుమెత్తు బల్ల వెనక నాన్న నిలబడి గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తుంటాడు. ఊరందరికీ ఆయన టైలర్ మాస్టరే. గోడవారన మిషను మీద అన్నయ్య. తెర వెనక, పైకి వెళ్లే మెట్ల కింద ఉన్న కాస్త చోటులో, చాప మీద వదిన. కాజాలు, గుండీలు, పంట్లాం అంచులు ఆవిడవి. కొట్టుకొచ్చేవాళ్లకి తెర ముందున్న ఇద్దరే తెలుసు.

ఆ సాయంత్రం పిట్ట నాన్న కత్తెర మీద చెయ్యేసింది. ఆ కత్తెర ఇంకెవరూ ముట్టకూడదు. చిన్నప్పుడు అన్నయ్య దాంతో గాలిపటం కాగితం కోసి, నాన్న చేతిలో చావుదెబ్బలు తిన్నాడు. అందరూ చూస్తుండగా పిట్ట పాత పేపరు మడతపెట్టి కరకరా కోసింది. అన్నయ్య కాలు మిషను మీద ఆగిపోయింది.

నాన్న తల తిప్పి చూశాడు. కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"కాగితం కోస్తే పదును పోతుందే తల్లీ," అని కత్తెర తీసుకుని, వేలితో అంచు తడిమి, సానరాయి కోసం సొరుగు వెతుక్కున్నాడు. అంతే.

"అదే నేనైతే వీపు పగిలేది," అన్నాడు అన్నయ్య దారం తెంపుతూ.

"నీ వీపు దానికే పుట్టిందిరా," అని నాన్న నవ్వాడు.

పిట్ట మెట్లెక్కి పైకి వెళ్లింది. ఉసూరుమనిపించింది. రూలుందని తెలుసు, దాటింది, కోపం రాలేదు. సారుకి ఏం చెప్పాలి? గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగింది. కిటికీ తీసింది, వేసింది. అమ్మ గదిలోకి పోయి ఆవిడ పరుపు మీద చెప్పులతో ఎక్కి కూర్చుంది. అమ్మ "ఛీ దిగు, పాడుపిల్లా," అని వీపు మీద చరిచి, ఆ చేత్తోనే జడ సరిచేసింది. అది కోపం కిందకి రాదు.

మర్నాడు సాయంత్రం మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లినప్పుడు వదిన పొయ్యి గట్టు దగ్గర నిలబడి తింటోంది. ఎడమచేతిలో కంచం, చెవి బయట గదివైపు. పిలుపు వినబడితే కంచం గట్టుమీద పెట్టి వెళ్లేలా ఒక కాలు ముందుకే వేసి ఉంది. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆవిడ తిండి అంతే, అందరి భోజనాలకీ ముందో వెనకో, నిలబడే. పిట్ట రోజూ చూస్తున్నదే. ఇవాళ మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంత దగ్గర పెట్టుకుని కత్తెరలూ పరుపులూ వెతికాను చూడు, అనుకుంది.

"ఇవాళ తొందరగా తింటున్నావేం వదినా?"

"కాస్త బ్యాగు సర్దుకోవాలి. శుక్రవారం ఇంక ఎంతో దూరం లేదుగా."

శుక్రవారం వదిన పుట్టింటికి వెళ్లాలి. వాళ్లమ్మకి కంటి ఆపరేషను. పక్కన కూర్చుని కంట్లో మందు వేసే దిక్కు ఇంకొకరు లేరు. అత్తగారిని అడగడానికే వదిన ఎన్నాళ్లో మాట కూడగట్టుకుంది. సరేనన్నాక కూడా ఎక్కడ మనసు మారుతుందోనని, మంచం కింద గుడ్డసంచీని చప్పుడు కాకుండా సర్దుతోంది.

పిట్టకి ఆ సంచీ గుర్తుకు రాలేదు. మర్నాటి భోజనాల మీదే ధ్యాసంతా.

ఆ మర్నాడు అందరూ బల్ల చుట్టూ చేరారు. వదిన వడ్డించి వంటింటివైపు తిరగబోతుంటే పిట్ట కంచం ముందుకి తోసేసింది.

"వదిన కూర్చుంటేగానీ నేను ముద్ద ముట్టను."

"దీన్ని ఇవాళ ఏ పురుగు తొలిచిందో!" అన్నాడు నాన్న.

"నేను తర్వాత తింటాలే పిట్టా. పొయ్యి మీద పాలున్నాయి," అంది వదిన. నోరు పాల మాట చెబుతోంది, కళ్లు మాత్రం వద్దు వద్దని మొత్తుకుంటున్నాయి.

"పాలు ఎప్పుడో దించేశావు. నేను చూశా. కూర్చో."

అన్నయ్య తన కంచంలోకి, అందులో ఏదో కొలత గీసి ఉన్నట్టు చూస్తున్నాడు. అమ్మ చేతిలో గరిటె కూర గిన్నె మీద ఆగిపోయింది. పిట్ట లేచి వదిన రెక్క పట్టుకుని కుర్చీలో కూలేసింది. వదిన కుర్చీ అంచున కూర్చుంది, మోకాళ్లు వంటింటివైపు పెట్టి. కంచంలో ఏమీ లేదు. వడ్డించే మనిషి కూర్చుంటే వడ్డించేదెవరు?

"మంచినీళ్లు," అన్నాడు నాన్న.

ఆయన ఎప్పుడూ అంతే. ఎవరినీ పిలవడు. గాల్లోకి ఆ మాట వదిలితే గ్లాసు వచ్చి చేతి దగ్గర వాలుతుంది. వదిన లేవబోయింది. పిట్ట మణికట్టు పట్టుకుని ఆపింది. గ్లాసు రాలేదు. నాన్న చెయ్యి బల్లమీద గ్లాసు ఉండాల్సిన చోట వేళ్లు చాపి అలాగే ఉండిపోయింది. ఎవరూ నమలడం లేదు.

అమ్మ రెండు మోకాళ్ల మీదా చేతులేసుకుని, మూలుగుతూ లేచింది. నీళ్లు తెచ్చి ఠపీమని పెట్టింది. సగం బల్ల మీద ఒలికాయి. కూర్చున్నాక, పిట్టవైపు కన్నెత్తి కూడా చూడకుండా, ఒలికిన నీళ్లు అరచేత్తో తుడుస్తూ అంది:

"అమ్మాయ్, శుక్రవారం ప్రయాణం మాట మర్చిపో. ఇంత తీరిగ్గా ఇక్కడే కూర్చోడానికి దొరుకుతుంటే, ఎక్కడికో పోవాల్సిన పనేముంది?"

వదిన లేచి వంటింట్లోకి వెళ్లింది. గిన్నె మీద గిన్నె పెడుతున్న చప్పుడు కూడా వినబడలేదు, అంత మెల్లగా పెట్టింది.

దొరికిందనుకుంది పిట్ట. అమ్మకి కోపం వచ్చింది! సారు చెప్పినట్టే, చెప్పినచోటే. గబగబా నాలుగు ముద్దలు మింగి, చెయ్యి కడుక్కుని గదిలోకి పరుగెత్తింది. ఎవరేం అన్నారో, ఎవరి చెయ్యి ఎక్కడ ఆగిందో అంతా కాగితం మీద పెట్టేదాకా కాలు నిలవలేదు. శుక్రవారం అనే మాట కూడా రాసింది. రాసి, దాని కింద గీత గీసింది.

పొద్దున్నే తెర పక్కకి తీసి చాప మీద చతికిలబడింది.

"వదినా, నిన్న కుర్చీలో కూర్చున్నప్పుడు నీకేమనిపించింది?"

వదిన చొక్కా పట్టీ మీద కాజా చుడుతోంది. చీలిక అంచులో సూది గుచ్చి, దారం మెలిపెట్టి లాగితే ముడి ఆవగింజలా అంచు మీద కూర్చుంటోంది. ఒకదాని పక్కన ఒకటి, ఎడం లేకుండా. ఆ వరస పూర్తయ్యేదాకా తలెత్తలేదు.

"దేనికి?"

"కాలేజీలో చెప్పాలి. రూలు దాటి చూడమన్నారు. కోపం ఎక్కడొస్తే అక్కడ రూలున్నట్టట."

"ఓహో." దారాన్ని పంటితో కొరికింది. "బాగా చెబితే ఏమిస్తారు?"

"మార్కులు."

"బావుంది. నీకు మార్కులు, నాకు మాటలు."

పిట్ట ఆడిస్తున్న మోకాలు ఆగిపోయింది.

"నిన్న మా అమ్మకి ఫోను చేసి చెప్పా, రావట్లేదని," అంది వదిన, ఇంకో చొక్కా ఒళ్లోకి లాక్కుంటూ. "ఎందుకని అడగలేదు. అడక్కపోతేనే నాకు ఏడుపొచ్చింది. సరే, లేచి జరుగు, వెలుతురుకి అడ్డం."

పిట్ట పైకి ఒక్క అంగలో వెళ్లినంత పని చేసింది. అమ్మ కూరగాయలు తరుగుతోంది.

"అమ్మా, నిన్నటిది నా కాలేజీ పని. వదినకి దాంతో సంబంధం లేదు. తనని వెళ్లనీ."

"నాకు చెవిలో పూలు పెట్టకు. ఎక్కించే నోరొకటి, అనే నోరొకటి. ఆ మాత్రం తెలుసుకోలేనా?"

"అన్నది నేనమ్మా! నన్ను తిట్టు!"

"నిన్నెందుకు తిడతానే? నువ్వు చిన్నపిల్లవి. ఎవరేం చెబితే అది అంటావు." తరిగిన ముక్క ఒకటి పిట్ట నోటి దగ్గర పెట్టింది. "తిను. కాలేజీకి పొద్దుపోతోంది."

పిట్ట కిందకి దిగి అన్నయ్య మిషను పక్కన నిలబడింది.

"నువ్వైనా చెప్పన్నయ్యా."

"నాకెందుకే మధ్యలో?" అని కాలితో మిషను ఇంకా జోరుగా తొక్కాడు. కాలరు మీద కుట్టు వంకర పోయింది. తిట్టుకుంటూ విప్పడం మొదలుపెట్టాడు. తెర వెనక వదిన సూది ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచింది.

క్లాసులో నిచ్చెన లిఫ్టు కథ చెప్పి అందరినీ నవ్వించింది. ఒక ముసలాయన తన భుజం పట్టుకుని, "తలుపు ఇటుంది తల్లీ," అని తిప్పాడట. ఆ తర్వాత పిట్ట లేచింది. రాసుకున్నది తీసి చూడకుండానే చెప్పింది. నీళ్ల గ్లాసు దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలవాళ్లు కూడా ముందుకి వంగారు.

"చాలా జాగ్రత్తగా చూశావు," అన్నాడు సారు. ఆ మాట విని నిచ్చెన బెంచీ కింద కాలు తొక్కింది, కొట్టేశావే అన్నట్టు. "అయితే కోపం ఎవరికి వచ్చింది?"

"మా అమ్మకి సార్."

"ఎవరి మీద?"

"వదిన మీద."

"దాటింది ఎవరు?"

"నేను."

సారు బల్ల అంచుకి ఆనుకుని, వేరే రంగు దారం వేసిన గుండీని తెలియకుండానే తిప్పుకుంటున్నాడు. "మరి నీ మీదికి ఎందుకు రాలేదు?"

పిట్ట రాసుకున్న కాగితం తీసి వెతికింది. ఆ సంగతి అందులో లేదు.

"నష్టం రాకూడదని చెప్పాను," అన్నాడు సారు, కసురుకోకుండానే. "ఆవిడ ప్రయాణం పోయింది. నీకిప్పుడు మార్కులు వెయ్యలేను. ఇంకో క్లాసు దాకా ఆగుదాం. ఈలోగా నువ్వు ఏమీ దాటొద్దు. నా ప్రశ్నకి జవాబు దొరుకుతుందేమో చూడు."

ఆ సాయంత్రమంతా పిట్ట కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కొట్లోకి వెళ్లి సుద్దముక్కలు విరిచింది, పైకొచ్చి కిటికీ ఊచలు లెక్కలేకుండా తడిమింది. భోజనం చేసి, ఎప్పట్లాగే కంచం బల్ల మీదే వదిలి, వెళ్లి పడుకుంది. నిద్రపట్టక దొర్లుతుంటే జవాబుకి బదులు సారు గుండీ కళ్లముందు తిరిగింది.

తెల్లారింది. శుక్రవారం. పిట్ట లేచేసరికే పొద్దెక్కింది. మంచం పక్కన టీ లేదు. కుర్చీ మీద ఇస్త్రీ చేసిన డ్రస్సు లేదు. నిన్న విడిచిన బట్టలు విడిచినచోటే ముద్దగా పడున్నాయి. గుమ్మం దగ్గర బ్యాగు ఉంది, అందులో నీళ్ల సీసా ఖాళీ. బయట గదిలోకి వచ్చింది. బల్ల శుభ్రంగా తుడిచి ఉంది, ఒక్క తన కంచం చుట్టూ తప్ప. రాత్రి తిన్న కంచం, ఎండిన మెతుకులతో, వేళ్ల గీతలతో, అక్కడే ఉంది. దాన్ని తప్పించి చుట్టూ గుడ్డతో తుడిచిన తడి ఇంకా ఆరలేదు.

మెడ దగ్గర్నుంచి చెవుల దాకా వేడెక్కింది.

"వదినా! ఏంటిది? నా డ్రస్సేది? కాలేజీ టైమవుతోంది, ఇంట్లో ఏం చేస్తున్నావసలు?"

ఆ గొంతు విని తనే ఉలిక్కిపడింది. అమ్మ గొంతు. అక్షరం పొల్లుపోకుండా, ఆఖర్న ఆ సాగదీతతో సహా అమ్మ గొంతే.

వంటింట్లోంచి వదిన వచ్చింది. మంచి బట్టలు కట్టుకుంది, తల దువ్వుకుంది. భుజాన గుడ్డసంచీ.

"అందరి పనులూ చేశాను," అంది. "మామయ్యగారి చొక్కా ఇస్త్రీ అయింది, అత్తయ్య మందులు తీసిపెట్టాను, వంట అయింది. బస్సు వేళకి నీ ఒక్కదానివి మిగిలిపోయాయి. పోనీలే, నీకైతే కోపం రాదనుకున్నా."

వెటకారం లేదు ఆ మాటలో. నిజంగానే అలా అనుకున్నట్టుంది. అదే గుచ్చుకుంది. పిట్ట కంచం వైపు చూసింది. చెవులింకా మండుతూనే ఉన్నాయి. ఏ కాగితంలోనూ తను రాసుకోని కోపం అది.

అమ్మ గదిలోంచి వచ్చి సంచీని చూసింది.

"వద్దన్నానా?"

"విన్నాను అత్తయ్యా," అంది వదిన. సంచీ భుజం మీంచి దించలేదు. "మా అమ్మకి మందు వెయ్యాలి. కంటి కట్టు విప్పేదాకా ఉండి వస్తాను."

"దీని కాలేజీ ఎవరు చూస్తారు? దీనికి టిఫినూ, బట్టలూ, ఎవరు చూస్తారంట? చదువుకునే పిల్ల అని కాస్త ఆలోచన ఉండక్కర్లా?"

వదినని కట్టేసిన తాడు రెండో కొస ఎక్కడుందోనని నిన్నటినుంచీ పిట్ట ఇల్లంతా వెతికింది. చూసుకుంటే తన నడుముకే ఉంది.

"నావి నేను చూసుకుంటా," అంది. "కాజాలు కూడా కుడతా."

"నువ్వా!" అన్నారు అమ్మా వదినా ఒకేసారి. పరిస్థితి అలా ఉండబట్టి గానీ లేకపోతే ఇద్దరూ నవ్వేవాళ్లే.

వదిన మెట్లు దిగింది. కొట్లో మిషను చప్పుడు ఆగింది. పిట్ట కిటికీలోంచి వంగి చూసింది. అన్నయ్య వచ్చి, వదిన భుజం మీంచి సంచీ తీసుకున్నాడు. వీధి మలుపు దాకా ఇద్దరూ నడిచారు. మలుపు దగ్గర అన్నయ్య ఆగిపోతాడనుకుంది. ఆగలేదు. బస్సెక్కించే వచ్చాడు.

పిట్ట ఆ రోజు కాలేజీకి వెళ్లలేదు. కంచం కడిగింది. మెతుకులు గీకి గీకి గాని వదల్లేదు. తెర వెనక చాప మీద కూర్చుని కాజా మొదలెట్టింది. కూర్చున్న కాసేపటికే కాళ్లు తిమ్మిరెక్కాయి, వెలుతురు చాల్లేదు, చూపుడువేలు మూడుచోట్ల రక్తం చిమ్మింది. నాన్న ఆ కాజాని వెలుతురుకి ఎత్తి చూసి, "ఇది కాజానా, ఎలక కొరికిందా?" అని విప్పమన్నాడు. విప్పింది. మళ్లీ కుట్టింది. సాయంత్రం అమ్మ పక్కన నిలబడి కూర తరిగింది. చిన్న ముక్కలేవో పెద్ద ముక్కలేవో వాటికే తెలియాలి.

చీకటి పడుతుంటే భోజనాలకి కూర్చున్నారు. గిన్నెలన్నీ బల్ల మీదే పెట్టుకున్నారు. వదిన కుర్చీ ఖాళీగా లేదు, అసలు ఆవిడకి కుర్చీయే లేదని అప్పుడు కనబడింది. మొన్న కూలేసింది చుట్టాలొస్తే వేసే మడత కుర్చీలో.

"మంచినీళ్లు," అన్నాడు నాన్న.

మాట గాల్లోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. అన్నయ్య అలవాటుగా వంటింటివైపు చూసి, చూపు దించుకున్నాడు. అమ్మ రెండు చేతులూ మోకాళ్ల మీద వేసుకుంది. ఆ చేతులు ఎంత అలవాటుగా అక్కడికి వెళ్లాయంటే, వదిన రాకముందు పొయ్యి గట్టు దగ్గర కంచం పట్టుకుని నిలబడింది ఎవరో పిట్టకి కళ్లకు కట్టింది. అది కూడా చూసిందే. చూస్తూ పెరిగిందే.

పిట్ట ఆ చేతుల మీద తన చెయ్యి వేసింది. సూది పోట్లు చురుక్కుమన్నాయి.

"కూర్చో అమ్మా. లేవకు."

"అయితే నువ్వు లే."

"లేవను."

"మీ నాన్న అడుగుతున్నారే!"

"విన్నాను."

అమ్మ తల తిప్పి చూసింది. వదిన వైపు చూసినట్టు చూసింది. ముద్దు లేదు, చిన్నపిల్లవి అనే దయ లేదు. ఆ చూపు పిట్ట మొహం మీద పడి అక్కడే నిలిచింది. పుట్టాక మొదటిసారి అమ్మ కోపం సరిగ్గా చేరాల్సినచోటికి చేరింది. దాని బరువు ఇంతుంటుందని పిట్టకి తెలియదు. పారిపోవాలనిపించింది. కూర్చుంది. బల్ల కింద మోకాలు కదలకుండా ఉంది.

నాన్న ఒకసారి దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. అందరి మొహాలూ చూశాడు. కుర్చీ వెనక్కి జరిగింది. ఆయన అడుగులు వంటింట్లోకి వెళ్లాయి. డబ్బా మూత ఒకటి కిందపడి దొర్లింది. అరలు తీస్తున్న చప్పుడు, వేస్తున్న చప్పుడు.

"ఏమే, గ్లాసులెక్కడుంటాయి?"

అమ్మ పిట్ట మీంచి చూపు తియ్యకుండానే చెప్పింది.

"కుడిచేతివైపు. కింది అర."